అప్పుకు జ్ఞానతండ్రి

సాన్ విదాల్‌లో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ముందు పేరు వెతుక్కుంటారు, వెంటనే సెల్మోను వెతుక్కుంటారు. బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడే పెద్దమనిషి ఒకడు కావాలి కదా. అలాంటివాళ్ళు ఊళ్ళో ఇంకా లేకపోలేదు. మాజీ మేయరున్నాడు, ఐసు ఫ్యాక్టరీ యజమాని ఉన్నాడు. కానీ వాళ్ళెవరికీ పందిని కాల్చడం రాదు. సెల్మో చేసే పనే అది. పందిని నిలువునా వెదురుబొంగుకు గుచ్చి, పొట్టలో చింతాకు కూరి, బొగ్గుల మీద నింపాదిగా తిప్పుతూ తోలు అద్దంలా మెరిసేదాకా కాలుస్తాడు. బటాంగాస్ జిల్లా సముద్రతీరం పొడుగునా అతని లెచోన్‌కు, అంటే ఆ కాల్చిన పందికి, పేరుంది. జ్ఞానతండ్రి అన్నాక విందుకు ఎంతో కొంత పెట్టాలి గనక సెల్మో పందిని పెడతాడు. ఈ కిటుకు ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనిది సెల్మో ఒక్కడికే.

"నీ గుణం చూసి పిలుస్తున్నారనుకుంటున్నావేమో. నీ పంది తోలు చూసి పిలుస్తున్నారయ్యా," అని అతని భార్య చారింగ్ పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. ఆ తరవాత కూడా చెబుతూనే ఉంది.

"తోలు అలా కరకరలాడాలంటే కాల్చేవాడి గుణం బాగుండాలే," అంటాడు సెల్మో, నొచ్చుకోకుండా.

అతనితో వచ్చిన చిక్కే అది. ఏమన్నా నొచ్చుకోడు. ఎవరేమడిగినా కాదనడు. జ్ఞానతండ్రిని అక్కడ నినోంగ్ అంటారు. వీధిలో నడుస్తుంటే చంటిపిల్లల దగ్గర్నుంచి మీసాలొచ్చినవాళ్ళ దాకా "నినోంగ్, నినోంగ్" అంటూ వచ్చి అతని చెయ్యి తీసి నుదుటికి ఆనించుకుంటారు. దాంతో చేపల కోసం బజారుకు వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరడు, అప్పుడైనా చేపలు తేవడం మరిచిపోయి వస్తాడు. క్రిస్మస్ నాడు పిల్లలు కానుకల కోసం బయల్దేరితే ఊళ్ళో మిగతా నినోంగులందరూ తలుపులు వేసుకుని, కిటికీ తెరలు దించేసుకుని, లోపల ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. సెల్మో వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, దారిన పోయే పరాయి పిల్లల్ని కూడా పిలిచి మరీ ఇస్తాడు.

వాళ్ళకు పిల్లల్లేరు. ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైంది. ముందుగదిలో గోడ నిండా మాత్రం బాప్తిస్మం ఫొటోలు, పెళ్ళి ఫొటోలు ఉంటాయి. అన్నింట్లోనూ సెల్మో అదే బరోంగ్ చొక్కాలో ఉంటాడు, పొట్ట మాత్రం ఫొటో ఫొటోకీ ముందుకొస్తుంటుంది. శనివారం శనివారం ఆ ఫొటోలు తుడిచేది చారింగ్. "ఈ పిల్లెవరో నాకు గుర్తులేదు గానీ, ఈ పంది గుర్తుంది. చెవి మాడింది," అంటూ తుడుస్తుంది.

రొడెల్ అనే కుర్రాడి ఫొటోలు ఆ గోడ మీద రెండుండేవి. ఒకటి బాప్తిస్మానిది, రెండోది పెళ్ళిది. మూడోది ఎలా వచ్చిందన్నదే ఈ కథ.

రొడెల్ మాట తియ్యన. పని చెయ్యనివాడేం కాదు, కానీ చేసే పని మీదకన్నా చేయబోయే పని మీద ధ్యాస ఎక్కువ. బటాంగాస్ సిటీకి ప్రయాణికులను తిప్పే వ్యాను ఒకటి కొనుక్కుంటే తన దశ తిరిగిపోతుందని వాడికి ఒక రోజు తోచింది. బ్యాంకువాళ్ళు హామీ అడిగారు. వాడు భార్య లిగాయాను వెంటబెట్టుకుని, చేతిలో ఒక పనసపండుతో సెల్మో దగ్గరికి వచ్చాడు.

"నినోంగ్, నా బాప్తిస్మానికి మీరే ఉన్నారు, నా పెళ్ళికీ మీరే ఉన్నారు. ఇప్పుడు మీరు లేకపోతే ఎలాగ చెప్పండి," అన్నాడు.

ఆ సమయానికి చారింగ్ ఇంట్లో లేదు. ఉంటే ఆ పనసపండు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళేది.

సెల్మో ఉబ్బిపోయాడు. ఆ ఊళ్ళో పెళ్ళంటే పెద్దమనుషులు వరసగా నిలబడి పెళ్ళికాగితాల మీద సంతకాలు పెడతారు. ఆ సంతకం పెట్టడంలో సెల్మోకు చేయి తిరిగింది. బ్యాంకు సంతకానికీ అదే పద్ధతి అనుకున్నాడు. బరోంగ్ ఇస్త్రీ చేయించుకుని, తలకు నూనె రాసుకుని, పెళ్ళికి వెళ్ళినట్టే బ్యాంకుకు వెళ్ళాడు. కౌంటరు దగ్గర మరివిక్ అనే పిల్ల లేచి వచ్చి అతని చెయ్యి నుదుటికి ఆనించుకుంది. ఆ పిల్లకూ అతనే నినోంగ్. మర్యాద కోసం అందరికీ పాన్సిత్ నూడుల్స్ తెప్పించింది. సెల్మో పొడుగాటి వంకీలతో సంతకం పెట్టి, జేబులోంచి కవరు తీసి, కొత్త దంపతులకు చదివించినట్టే రొడెల్ చేతిలో పెట్టాడు. అప్పుకు హామీ ఉంటూ అప్పు తీసుకునేవాడికి ఎదురు కట్నం చదివించిన మనిషి ఆ బ్యాంకులో అంతకుముందు లేడు, ఆ తరవాతా రాలేదు. ఫొటో కూడా తీయించుకున్నారు. అలా మూడో ఫొటో గోడ ఎక్కింది.

చారింగ్ దాన్ని శనివారం నాడు చూసింది. "ఇదేం పెళ్ళి? పంది కనపడదే?"

"వ్యాను కొన్నాడే. బ్యాంకులో చిన్న సంతకం."

"ఎంత చిన్నది?"

"అందరూ పెట్టేదే," అన్నాడు సెల్మో. ఆ వెంటనే పెరట్లో ఏదో పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

వ్యాను ఏడాదిపాటు బాగానే తిరిగింది. తరవాత పెద్ద రోడ్డు పడింది, ఎయిర్‌కండిషన్ బస్సులు వచ్చాయి. రొడెల్ వ్యానులో కూర్చునేవాళ్ళు తగ్గి, వాడి వ్యాను కింద పడుకుని బాగుచేసేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒకనాడు వాడు వ్యానును మెకానిక్ దగ్గరే వదిలేసి, పడవెక్కి మిందోరో దీవికి పోయాడు. ఫోను పలకడం మానేసింది. లిగాయా చంకలో బిడ్డతో, బడి ముందు బెల్లంపాకంలో వేయించిన అరటికాయలు అమ్ముకుంటూ మిగిలిపోయింది. బ్యాంకు నుంచి సెల్మోకు ఫోన్లు వచ్చేవి. ప్రతిసారీ, "వాడు వస్తాడమ్మా, నేను మాట్లాడతాగా," అని చెప్పి పెట్టేసేవాడు. చారింగ్ చెవిన మాత్రం వేయలేదు.

ఆ సంగతి ఆమెకు చెప్పే భారం కోర్టు నౌకరు గోరియో మీద పడింది. సెల్మో అతని పెద్దకొడుక్కి నినోంగ్. సమను జేబులో పెట్టుకుని వచ్చేసరికి పెరట్లో పంది సగం కాలి ఉంది. "కానీ, ముందు నీ పని కానీ," అంటూ గోరియో గొయ్యి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. పంది దిగింది. వీపు తోలు కాస్త తిన్నాడు, డొక్క దగ్గరది కాస్త తిన్నాడు. తింటుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి. మిరపకాయల పులుసు ఘాటని చెప్పాడు. చివరికి చేతులు కడుక్కుని, తుడుచుకుని, కాగితం తీసి సెల్మోకు కాకుండా చారింగ్‌కు ఇచ్చాడు.

"వదినా, నన్ను తిట్టుకోకు. నా ఉద్యోగం ఇదే."

చారింగ్ చదివింది. రొడెల్ బాకీ బ్యాంకుకు కట్టాలి, వాడు కట్టలేదు గనక హామీదారు అన్సెల్మో దిమాయానో కట్టాలి. కట్టకపోతే అతని ఆస్తి మీద పడతారు. వాళ్ళకు ఆస్తి అంటూ ఉన్నది ఒక్కటే. ఆ నిమిషాన ఆమె నిలబడి ఉన్న నేల. ఇంటి వెనక నిప్పుల గొయ్యి, దానిపైన రేకులు, పందుల దొడ్డి, రెండు చింతచెట్లు. ఆ స్థలం ఇద్దరి పేరనా ఉంది గానీ దాన్ని కొన్నది చారింగ్. లెచోన్ చేశాక మిగిలే రక్తంతో, పేగులతో దినుగువాన్ కూర వండి, నెత్తిన గిన్నె పెట్టుకుని ఇరవై ఏళ్ళు బజార్లో అమ్మి కొన్నది. అది పోతే సెల్మో కాల్చడానికి గొయ్యి ఉండదు, ఆమె వండడానికి పొయ్యి ఉండదు. ఇద్దరూ ఎవరి పెరట్లోనో కూలికి పందుల్ని తిప్పుకోవాలి.

ఆమె ఒక్క మాట అనలేదు. సెల్మో హడలిపోయాడు. ఆమె తిడుతుంటే ఎలా నిలబడాలో అతనికి బాగా అలవాటు. తిట్టకపోతే ఏం చేయాలో తెలియదు.

"ఏదో ఒకటి అనవే," అన్నాడు రెండోనాటికి.

"ఏమనమంటావు? ఊళ్ళో పిల్లలందరికీ తండ్రివైపోయావు. ఇక మిగిలింది అప్పే. దానికీ అయ్యావు. దానికి పేరు కూడా పెట్టు, నేను పంది కోయిస్తాను."

సెల్మో ప్రాణం కుదుటపడింది.

విచారణ వారంలో ఉందనగా ఒక సాయంత్రం మరివిక్ వచ్చింది. బ్యాంకు తరఫున కోర్టులో మాట్లాడవలసింది ఆ పిల్లే. అది చిన్న బాకీల కోర్టు, అక్కడికి లాయర్లను రానివ్వరు, ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. వస్తూనే చెయ్యి నుదుటికి ఆనించుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నినోంగ్, జడ్జిగారు అడుగుతారు, అదేమిటో తెలిసే సంతకం పెట్టారా అని. తెలీదనండి. ఎవరూ విప్పి చెప్పలేదనండి. నేను తల దించుకుని కూర్చుంటాను, ఎదురు మాట్లాడను."

"మరి నీ ఉద్యోగం?" అన్నాడు సెల్మో.

"తిడతారు. తిడితే తిట్టనివ్వండి." తరవాత చారింగ్ వైపు తిరిగింది. "మీరు అసలు సంతకమే పెట్టలేదు. స్థలం మీ ఇద్దరిదీ. నాకు చెప్పలేదు, నాకు సంబంధం లేదు అని మీరు గట్టిగా అన్నారనుకోండి, బ్యాంకు ఆ స్థలం జోలికి రావడం కష్టం."

ఆ పిల్ల వెళ్ళాక చారింగ్ గోడ దగ్గరికి వెళ్ళి మరివిక్ బాప్తిస్మం ఫొటో వెతికి, ఆ రోజు శనివారం కాకపోయినా తుడిచింది.

మర్నాటి నుంచి గొయ్యి దగ్గర సాధన మొదలైంది. సెల్మో పందిని తిప్పుతుంటాడు, చారింగ్ విసనకర్రతో బొగ్గులు విసురుతూ జడ్జిలా అడుగుతుంది.

"చదివే పెట్టావా?"

"చదవలేదమ్మా."

"నన్ను అమ్మా అనకు. ఇదేమిటో ఎవరైనా చెప్పారా?"

"చెప్పలేదు."

"చెప్పలేదంటూ ఆ ఇకిలింపేమిటి? అప్పులపాలైన మనిషిలా ఉండు."

"పంది తిప్పుతూ ఏడవలేనే," అన్నాడు సెల్మో.

విచారణ రోజున మళ్ళీ అదే బరోంగ్ వేసుకున్నాడు. జీప్నీ బండిలో కూర్చున్నాక చారింగ్ చెవిలో, "నా సంగతి అలా ఉంచు. నువ్వు మాత్రం నీకు సంబంధం లేదని చెప్పెయ్," అన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ మాట ఆమె నోట్లో వారం రోజులుగా తయారుగానే ఉంది.

కోర్టు మునిసిపల్ ఆఫీసు మేడ మీద ఉంది. జడ్జి లిపా నుంచి కొత్తగా వచ్చినావిడ. సెల్మో కాల్చిన పందిని ఒక్కసారి కూడా రుచి చూడని మనిషి, కాబట్టి ఆవిడ దగ్గర మొహమాటం పనిచేయదని చారింగ్‌కు అర్థమైంది. రొడెల్ రాలేదు. చివరి బల్ల మీద లిగాయా బిడ్డతో ఒదిగి కూర్చుని ఉంది. సెల్మో తిన్నగా ఆమె దగ్గరికి వెళ్ళి, బిడ్డ బుగ్గ గిల్లి, ఫ్యాను గాలి తగిలే చోట కూర్చోబెట్టి వచ్చాడు.

పేరు పిలవగానే మరివిక్ ఫైలు చంకన పెట్టుకుని ముందుకు వచ్చింది. బల్ల దగ్గరికి వెళ్ళేముందు అలవాటు కొద్దీ సెల్మో చెయ్యి తీసి నుదుటికి ఆనించుకుంది.

జడ్జి కళ్ళజోడు సర్దుకుంది. "మీరు బ్యాంకు మనిషేగా?"

"అవునండి. ఆయన మా నినోంగ్ అండి."

"ఈ గదిలో ఆయన ఇంకెవరికైనా నినోంగా?"

గుమాస్తా నెమ్మదిగా చెయ్యెత్తాడు. గుమ్మం దగ్గర పోలీసు కూడా ఎత్తాడు. గోరియో తనకు కాదని, తన పెద్దవాడికని చెప్పబోయాడు గానీ జడ్జి వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"సరే. అన్సెల్మోగారూ, ఈ హామీ కాగితం మీద సంతకం మీదేనా?"

"నాదేనమ్మా." సంతకాన్ని చూసి మురిసిపోయాడు కూడా. చారింగ్ అతని కాలు తొక్కింది.

"చదివే పెట్టారా?"

"చదవలేదమ్మా."

చారింగ్ ఊపిరి వదిలింది. ఇంతవరకూ గొయ్యి దగ్గర నేర్పినట్టే నడుస్తోంది.

"ఇదేమిటో మీకు ఎవరూ చెప్పలేదా? అతను కట్టకపోతే మీరు కట్టాలని?"

మరివిక్ తల దించుకుంది. అన్న మాట ప్రకారం నోరు మెదపలేదు. సెల్మో ఆ దించుకున్న తలను చూశాడు.

"చెప్పారమ్మా," అన్నాడు. "ఈ పిల్లే చెప్పింది. నాకు బుర్రకెక్కదేమోనని రెండుసార్లు చెప్పింది. పాన్సిత్ తెప్పించి, పెట్టి మరీ చెప్పింది. ఆ పిల్ల తప్పేం లేదు."

చారింగ్ కళ్ళ ముందు రేకులు, దొడ్డి, చింతచెట్లు ఒకదాని వెనక ఒకటి లేచిపోయాయి. అక్కడికక్కడే మొగుడి జుట్టు పట్టుకోవాలనిపించింది.

"తెలిసి ఎందుకు పెట్టారండీ మరి?" అంది జడ్జి. ఆవిడకు కోపం రాలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

సెల్మో చొక్కా అంచు లాక్కున్నాడు. "పెళ్ళినాడు ఫాదరు చెప్తారు కదమ్మా, వీళ్ళు తడబడితే మీరు ఆసరా ఉండాలని. నేను సరేనన్నాను. సరేనని భోజనం కూడా చేశాను. అలాంటి పెళ్ళిళ్ళు ఊరినిండా ఉన్నాయి. వాళ్ళలో వాళ్ళకి పేచీలొస్తే నన్ను పిలుస్తారు, వెళ్ళి కూర్చుంటాను. ఇవాళ ఇక్కడ నాకేం తెలీదు, ఊరికే పెట్టానంటే, రేపు నేను ఎవరింటికని వెళ్ళను?"

వెనక లిగాయా ఏడుస్తోంది. బిడ్డ కూడా మొదలుపెట్టింది.

జడ్జి కాసేపు కాగితాలు తిరగేసింది. తరవాత తేటగా చెప్పింది. బాకీ సెల్మో కట్టవలసిందే. నెలనెలా కొంతచొప్పున కడతామని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని రాజీకి వస్తే, వాయిదాలు నడిచినన్నాళ్ళూ బ్యాంకు స్థలం ముట్టుకోదు. వాయిదా తప్పితే స్థలం పోతుంది.

"అమ్మా," అంది జడ్జి, చారింగ్ వైపు చూస్తూ, "మీరు హామీ సంతకం పెట్టలేదు. రాజీలో చేరాలని మీకు బలవంతమేమీ లేదు. నాకు సంబంధం లేదని మీరు అనవచ్చు. అప్పుడు బాకీ ఆయన ఒక్కరిదే అవుతుంది. స్థలం మీద బ్యాంకు వేరే తంటాలు పడుతుంది. ఆలోచించుకుని చెప్పండి."

చారింగ్ లేచి నిలబడింది. నోట్లో మాట తయారుగా ఉంది. సెల్మో ఆమెను బతిమాలినట్టు చూస్తే అనేసేదే. అతను, అనెయ్ అన్నట్టు తల ఊపాడు. చేసిందంతా చేసి, ఆ తల ఊపడం ఒకటి.

"ముందు ఆ వాయిదా ఎంతో చెప్పమనండి," అంది.

మరివిక్ చెప్పింది.

"ఎంత?" అంది చారింగ్, బజార్లో చేప కళ్ళు చూసి ధర విన్నదానిలా. "నెలకు ఎన్ని పందులు కాలుస్తామనుకుంటున్నావే? వాటిలో సగం మీ బాప్తిస్మాలకు ఊరికే పోతాయి. తగ్గించు."

"మా మేనేజరుగారు..."

"మీ మేనేజరు పెళ్ళికి పంది ఎవరిచ్చారో అడుగు."

మరివిక్ జడ్జి వంక చూసి, తగ్గించింది. చారింగ్ ఇంకొంచెం తగ్గించమంది. జడ్జి కలం పట్టుకుంది. "ఇంతకన్నా తగ్గించాలంటే మీ ఇంటి ఖర్చులు నేను చూడాలమ్మా," అంటూ కాగితం మీద ఉన్నవి వరసగా అడిగింది. వయసు అడిగింది, వృత్తి అడిగింది, సొంత ఇల్లా అద్దెదా అని అడిగింది. సెల్మో ఒక్కొక్కదానికీ బుద్ధిగా జవాబు చెప్పాడు.

"పిల్లలెంతమంది?"

ఆ ప్రశ్న ఎక్కడ ఎదురైనా సెల్మో తన బూట్ల వంక చూసుకుని, గబుక్కున లేరని చెప్పేసి, తరవాతి ప్రశ్న కోసం చూస్తాడు. ఓటరు కార్డు దగ్గర అలాగే చెప్పాడు, ఆస్పత్రిలో అలాగే చెప్పాడు. చెప్పినప్పుడల్లా చారింగ్ ఇంకో వైపు తిరిగి, అక్కడ ఏదో ఉన్నట్టు చూసేది. ఇప్పుడూ అతను బూట్ల వంక చూసుకున్నాడు.

"ఒకడు," అంది చారింగ్.

జడ్జి కలం ఆపి తలెత్తింది. సెల్మో కూడా తలెత్తాడు.

"ఒకడని రాయండి. మిందోరో పారిపోయాడు. మిగిలినవాళ్ళ మీద ఇంకా కేసులు రాలేదు," అని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంటూ మరివిక్ చేతిలోంచి పెన్ను తీసుకుంది.